పొదలో దొరికిన పేరు

2007 డిసెంబరులో బిలాస్‌పూర్ రైల్వే తెలుగువాళ్ల పిక్నిక్ ఉస్లాపూర్ అవతలి తోటలో జరిగింది. ఆ ఏడు అంత్యాక్షరి లేదు, కుర్చీలాట లేదు. బుకింగ్ క్లర్కు రమణబాబు జియోకాషింగ్ అని ఒక కొత్త సరదా నేర్చుకొచ్చాడు. తోటలో తనొక డబ్బా దాచాడట. జీపీఎస్ యంత్రం చూపించే అంకెల ప్రకారం నడిచి దాన్ని పట్టుకోవాలట.

"ఇంటికాడ కళ్లజోడు ఎతుక్కునేసరికే పొద్దు గడిసిపోతంది, మళ్లీ ఇదేటి ఖర్మ!" అంది రిటైరైన గార్డు భార్య నూకరత్నం, పులిహోర కలుపుతూ.

యంత్రం వెనకాల ఇరవైమంది గంటసేపు కాళ్లరిగేలా తిరిగారు. నూకరత్నం చేయి కడుక్కుందామని బోరింగు దగ్గరికి వెళ్లింది. పక్కనే పొదలో స్టీలు డబ్బా. మూత మీద చెక్కిన అక్షరాలు: పి. నూకరత్నం.

తోట దద్దరిల్లింది.

"ఒరే రమణా! సున్నుండలెట్టి మీ ఇంటికంపిన డబ్బారా ఇది! రెండేళ్లయిపోనాది! ఇయ్యకపోతే ఇయ్యకపోయావు, పొదలో దాస్తావేట్రా?"

"అదే ఆట అత్తా... నువ్వే గెలిచావు," అని నసిగాడు రమణబాబు.

"నా డబ్బా నాకు దొరికితే గెలుపేట్రా? ఒకళ్ల సామాను ఇంట్లో ఎట్టుకుని నిద్దరెలాగ పడతాదిరా మీకు?"

డబ్బాలోని నోటుపుస్తకం, పెన్సిలు అతని చేతిలో పడేసి, నూకరత్నం తలెగరేసుకుంటూ వచ్చి వడ్డనకు కూర్చుంది.

ఒకప్పుడు నూకరత్నం వాళ్ల పక్క క్వార్టరులో ఉండి, తర్వాత తెలిపారా పేటకి మారిపోయిన శాంతాదేవి గారు మారు వడ్డించుకోవడానికి వంగి, పులిహోర గిన్నె అంచు మీది అక్షరాలను కూడబలుక్కున్నారు.

"నాకు యంత్రం అక్కర్లేదు రమణబాబూ," అన్నారు తాపీగా. "ఆరేళ్లుగా వెతుకుతున్న నా గిన్నె దొరికింది."