శ్యామలాంబ మొనాకో ప్రయాణం

జగన్నాథరావు ఇంగ్లండు సీమ నుంచి తిరిగొచ్చిన రోజున మొగల్తూరు బ్రాహ్మణ వీధిలో ఒక్క ఇంట్లోనూ మధ్యాహ్నం కునుకు పడలేదు. కాకినాడలో పొగఓడ దిగి, కాలువ పడవల్లో పడి, కాళ్ళకి బూట్లతో, చేతిలో గొడుగుతో ఆయన వీధి మొగలో కనిపించేసరికి, పలకరిస్తే ఏం దోషమో పలకరించకపోతే ఏం మర్యాదో తేలక, జనమంతా తలుపుల సందుల్లోంచి చూశారు. సముద్రం దాటిన బ్రాహ్మడాయె. శుద్ధి కాకుండా ఇంట్లోకి రానిస్తే ఇల్లంతటికీ వెలి.

ఆయనకీ ఆ సంగతి తెలుసు. ఎవరూ చెప్పకుండానే దొడ్డిదారిన వెళ్ళి, పశువుల పాకని ఆనుకుని ఉన్న కొట్టుగదిలో దిగాడు. తాతాజీ గారు ఆయనకి పినతండ్రి, ఆ వంశానికి పెద్ద. ఆయన పురోహితుణ్ణి పిలిపించి, అమావాస్య వెళ్ళాక మంచి రోజు చూడమన్నారు. ఆ రోజున జగన్నాథరావు పెద్దల ముందు చేసిన తప్పులన్నీ దాచకుండా చెప్పుకోవాలి. పంచగవ్యం పుచ్చుకోవాలి. అప్పుడే గడప దాటాలి. అందాకా కొట్టుగదిలో చాప, చెంబు, విస్తట్లో అన్నం.

ఇంత జరుగుతున్నా జగన్నాథరావు భార్య శ్యామలాంబ నోరు విప్పలేదు. అందరూ ఆవిడ దుఃఖం వెలి గురించనుకున్నారు. కాదు. ఆవిడకి సముద్రం మీద కోపం లేదు, శాస్త్రం మీద పట్టింపు అంతకన్నా లేదు. జమీందారు గారి దావా పని మీద మద్రాసు వెళ్తున్నానని చెప్పి, ఆవిడ చేతి సున్నుండలు మూటగట్టించుకుని మరీ వెళ్ళాడా మనిషి. నెల తిరిగాక కాలువ రేవులో బిందె తోముకుంటుంటే, ఎవరో పొరుగావిడ "మీ ఆయన ఓడెక్కాడటగా" అంది. కట్టుకున్నవాడు దేశం దాటాడన్న మాట ఊళ్ళో అందరి తర్వాత తనకి తెలిసింది. ఆ పూట ఆవిడ బిందె రేవులోనే వదిలేసి ఇంటికొచ్చింది.

అప్పుడే నిశ్చయించుకుంది. ఆయన శుద్ధి అయి లోపలికి అడుగుపెట్టిన రోజునే తను బయటికి అడుగుపెట్టి, పిఠాపురంలో పుట్టింటికి పోతుంది. మళ్ళీ రాదు. ట్రంకుపెట్టె సర్ది మంచం కిందికి తోసింది. ఎవరితోనూ అనలేదు. చెప్పకుండా వెళ్ళడమంటే ఎలా ఉంటుందో ఆయనకీ తెలియాలిగా.

మొదటిరోజు విస్తరి కొట్టుగది గుమ్మంలో పెట్టి, మొహం చూడకుండా వంటింటి తలుపు వెనక్కి వెళ్ళిపోయింది. మాట్లాడేవాళ్ళు లేకపోతే జగన్నాథరావుకి అన్నం సహించదు. అందుకని పాకలో ఆవుతో మొదలుపెట్టాడు.

"ఏమే గౌరీ, నేనో రాజ్యం చూశానే. పేరు మొనాకో. దావా పని చూసుకుని లండన్ నుంచి వస్తూ, ఫ్రాన్సు దేశం అంచున సముద్రం ఒడ్డున ఉందంటే జమీందారు గారు చూసిపోదామన్నారు. రాజున్నాడు, కోటుంది, ఫిరంగులున్నాయి. రాజ్యం ఎంతనుకున్నావు? మన ఊరి ఆయకట్టులో ఓ మూలకి సరిపోతుంది. మడిబట్ట ఆరేసి బయల్దేరితే, అది ఆరేలోపు ఈ కొస నుంచి ఆ కొసకి నడిచి రావచ్చు."

ఆవు నెమరు వేసింది. తలుపు వెనక గాజుల చప్పుడు ఆగింది.

"అందులో మళ్ళీ ఓ మేడ. కప్పుకి బంగారు పూత, పాలరాతి స్తంభాలు, ఇంతేసి దీపాలు. లోపల జనం గుసగుసగా మాట్లాడుకుంటున్నారు. ఓ పెద్ద బల్ల చుట్టూ నిలబడి కొందరు కళ్ళు మూసుకున్నారు, కొందరి పెదవులు కదులుతున్నాయి. ఇంకేముంది, గుడి అనుకున్నాను. బయటికొచ్చి, తోటలో నీళ్ళు చిమ్ముతుంటే కాళ్ళు కడుక్కున్నాను. బూట్లు మెట్ల దగ్గర విడిచి, మళ్ళీ లోపలికెళ్ళి, చేతులు జోడించి ఆ బల్ల చుట్టూ ప్రదక్షిణం మొదలెట్టాను. రెండో చుట్టులో జమీందారు గారు చెయ్యి పట్టుకు లాగి, ఒరే, అది జూదపు బల్లరా అన్నారు. మిగతాది రేపు చెబుతాలే గౌరీ." అని చెయ్యి కడుక్కోబోయాడు.

తలుపు వెనక శ్యామలాంబ పమిటకొంగు నోట్లో కుక్కుకుంది. నవ్వకూడదనుకుంది. అయినా రేపటిదాకా ఆగడం ఆవిడ వల్ల కాలేదు.

"బూట్లు దొరికాయా లేదా?"

ఆయన ఊరు విడిచి ఏడాది దగ్గర పడుతుంటే, మొగుడితో ఆవిడ మాట్లాడిన మొదటిమాట అది. జగన్నాథరావు ఆవు దగ్గర సెలవు తీసుకుని తలుపుకేసి తిరిగాడు. "దొరికాయి. ఓ బంట్రోతు వాటిని వేళ్ళ కొసలతో పట్టుకుని నిలబడ్డాడు."

ఆ తర్వాత రోజూ భోజనాలవేళ ప్రయాణమే. ఆవిడ గుమ్మానికి ఇవతల, ఆయన కొట్టుగది అరుగు మీద, మధ్యన దొడ్డి. కొండంటే ఎరగని నేల మనది. ఇళ్ళు ఒకదాని నెత్తిన ఒకటి ఎలా నిలబడతాయో ఆవిడకి ఎంత చెప్పినా అర్థం కాలేదు. ఆయన పేడకుప్పని కొండ చేసి, దాని మీద చిన్న మట్టిగురిగి బోర్లించి ఇది కోట అన్నాడు. బావి గట్టు నుంచి పారే నీళ్ళు సముద్రం అన్నాడు. మర్నాటికి ఆవిడ ముగ్గుపిండితో వీధులు గీసి ఉంచింది. రైలు ఎక్కడ ఆగుతుందో, నిమ్మతోటలు ఏ వాలున ఉన్నాయో ఆయన అక్కణ్ణుంచి చెబుతుంటే, చెరిపి మళ్ళీ గీసింది. కోటకి వెళ్ళే దారి కుడిచేతి వైపని ఒకసారి, ఎడంచేతి వైపని ఒకసారి ఆయన తడబడితే, "నిన్న కుడి అన్నారు. కుడే ఉంచుతున్నాను" అంది.

ఈ సంగతి ఊళ్ళో పాకి, తాతాజీ గారు కంచె అవతల, దోషం అంటని దూరంలో నిలబడటం మొదలెట్టారు. కర్ర నేలకి ఆనించి, వినడం లేదన్నట్టు మబ్బులకేసి చూస్తూ వినేవారు. ఒకరోజు ఇక ఆగలేకపోయారు.

"శిస్తు లేదంటావేంట్రా జగన్నాథం?"

"లేదండి బాబాయి గారూ. పైదేశాలవాళ్ళు జూదంలో పారేసుకున్న దాంతోనే రాజ్యం గడిచిపోతుంది. సొంత జనాన్ని మాత్రం ఆ బల్ల దగ్గరికి రానివ్వరు."

"నీటి తీరువ?"

"అదీ లేదండి."

కాలువ నీళ్ళకి తీరువ కట్టి కట్టి విసిగిన పెద్దమనిషి, కర్రకొసతో నేల మీద ఏదో లెక్క గీసి చూసుకున్నారు. "మ్లేచ్ఛదేశం" అని గొణిగారు గానీ, గొంతులో మునుపటి ఊపు లేదు. మర్నాడు ఇంకాస్త ముందే వచ్చి నిలబడ్డారు.

శ్యామలాంబకి రోజులు తేలిగ్గా గడుస్తున్నాయి. ఆ మనిషి మీద కోపం తెచ్చుకోవాలంటే కష్టంగా ఉంది. పనిగట్టుకుని తెచ్చుకునేది. మంచం కింద పెట్టె మాత్రం కదల్లేదు.

ప్రాయశ్చిత్తానికి ముందురోజున ఆయన సముద్రం ఒడ్డు సంగతి ఎత్తుకున్నాడు. అక్కడి నీళ్ళు మన సముద్రంలా గోధుమరంగు కాదట, నీలిమందు కలిపినట్టుంటాయట. ఒడ్డున తోటలు, కూర్చోవడానికి కుర్చీలు. ఆడవాళ్ళు గొడుగులు వేసుకుని తిరుగుతుంటారు.

"ఎవరితో వస్తారు?" అని ఆవిడ అడిగింది.

"ఒక్కళ్ళే వచ్చేవాళ్ళూ ఉన్నారు. ఓ ముసలావిడ మధ్యాహ్నమంతా సముద్రాన్ని చూస్తూ కూర్చుంది. ఎందుకొచ్చావని అడిగినవాడు లేడు."

"మీరూ కూర్చున్నారా?"

"కూర్చున్నాను. చాలాసేపు."

శ్యామలాంబ చటుక్కున లేచి లోపలికి వెళ్ళిపోయింది. ఏం తప్పు మాటన్నాడో ఆయనకి అంతుపట్టలేదు. ఆవిడకి మాత్రం గుండెలో ముల్లు దిగినట్టయింది. పిఠాపురం, మొగల్తూరు, ఎప్పుడో ఒక్కసారి అంతర్వేది తీర్థం, ఇంతే తన లోకం. అంత అందాన్ని ఎదురుగా పెట్టుకుని, తను లేకుండా, చాలాసేపు కూర్చున్నాడు. పెట్టె లాగి, మిగిలిపోయిన చీరలు రెండూ అందులో కుక్కింది. మర్నాటి పడవకి చెప్పి పంపింది.

పొద్దున్నే వీధి పందిట్లో పెద్దలు కూర్చున్నారు. జగన్నాథరావు తలారా స్నానం చేసి, తడిబట్టలతో వాళ్ళ ఎదుట మోకరిల్లాడు. శ్యామలాంబ వీధి తలుపు వెనక నిలబడింది.

"ఎక్కడెక్కడికి వెళ్ళావు నాయనా?" అన్నాడు పురోహితుడు.

ఆయన చెప్పాడు. ఏం తిన్నావంటే, చేత్తో వండుకున్న అన్నం, పళ్ళు అన్నాడు. సంధ్య తప్పిందా అంటే, ఓడలో కడుపులో తిప్పినప్పుడు తప్పిందన్నాడు. పురోహితుడు ఒక్కొక్కదానికీ తలాడిస్తూ చివరికొచ్చాడు.

"అసత్యం ఆడావా?"

"ఆడానండి. రెండు."

పెద్దలు కాస్త ముందుకి వంగారు.

"ఒకటి, మద్రాసు వెళ్తున్నానని మా ఆవిడతో. నిజం చెబితే తననీ తీసుకెళ్ళమంటుందని భయం. తీసుకెళ్ళే ధైర్యం నాకు లేదు. రెండోది మొనాకోలోనండి. సముద్రానికి ఎదురుగా కుర్చీలో కూర్చున్నాను. పక్క కుర్చీ ఖాళీగా ఉంటే ఓ దొర వచ్చి, కూర్చోవచ్చునా అని అడిగాడు. మా ఆవిడ వస్తోందండి అన్నాను. వెళ్ళిపోయాడు. తర్వాత ఓ దొరసాని వచ్చింది, ఆవిడకీ అదే చెప్పాను. పొద్దుగూకేదాకా వచ్చినవాళ్ళందరికీ అదే చెప్పానండి. ఆ కుర్చీలో ఇంకొకళ్ళు కూర్చుంటే ఓర్చుకోలేననిపించింది."

పురోహితుడు పరదేశంలో ఆడిన అసత్యానికి విడిగా ఏదో చెయ్యాలి కాబోలు అని గొణుక్కుంటూ తాటాకులు తిరగెయ్యసాగాడు. ఇంతలో దొడ్లో బావి గిలక కిర్రుమంది. బొక్కెన దిమ్మరించుకున్న చప్పుడైంది. తడిచీరతో, జుట్టులోంచి నీళ్ళు కారుతుండగా శ్యామలాంబ పందిట్లోకి వచ్చి, ఆయన పక్కన కూర్చుంది.

"రెండోది అబద్ధం కాదండి. నేను వెళ్ళాను. వెళ్ళేసరికి కాస్త ఆలస్యమైంది, అంతే. నాకూ పంచగవ్యం పొయ్యండి."

"ఏంటమ్మా ఆ మాట?" అన్నారు తాతాజీ గారు. "గడప దాటనిదానివి, నీకు దోషమేంటి?"

"దాటాను చినమావయ్య గారూ. కోట చూశాను, నిమ్మతోటలు చూశాను. మీరూ కంచె దాకా వచ్చారు కదండి, సగం దారిలో కనిపించారు నాకు."

తాతాజీ గారికి పొలమారింది. దగ్గు ఆగాక, పురోహితుడికేసి చూడకుండా, "అమ్మాయికీ పొయ్యవయ్యా, పోయేదేముంది" అన్నారు. పురోహితుడు తాటాకులు మూసేశాడు.

జగన్నాథరావు పంచగవ్యాన్ని ముక్కు ముడిచి గుక్కెడు గుక్కెడుగా దింపాడు. శ్యామలాంబ ఒక్కసారిగా తాగేసి, పెదవులు తుడుచుకుంది. ఆయన ఆవిడ మొహంలోకి చూడటానికి జంకుతూ, తడి ఉత్తరీయం కొస మెలిపెడుతున్నాడు.

"లేవండి, లోపలికి పదండి" అంది ఆవిడ, ఎవరికీ వినపడనంత మెల్లగా. "మద్రాసు సంగతి మాత్రం నేను వదల్లేదు."