కుడిచేతి కొలత

నా భార్య లత అల్లిన చివరి స్వెటర్‌ను ఆ శనివారం పొద్దున నీళ్లలో వేశాను. సోమవారం మా అమ్మాయి ధనశ్రీ రాఫెల్స్ ప్లేస్‌లో ఒక బ్యాంకు కంప్యూటర్ గదిలో ఉద్యోగంలో చేరుతోంది. రెండువేల సంవత్సరం వచ్చేలోగా కంప్యూటర్లలో తారీఖులన్నీ సరిచేయాలని అప్పుడు ఊరంతా ఒకటే తొందర. సింగపూర్ ఎండలో ఊలెందుకని నవ్వినవాళ్లకు, "ఆ గదుల్లో ఏసీ ఎముకలు కొరికేస్తుంది" అని జవాబు చెప్పేది లత.

అమ్మ స్వెటర్ వేసుకునే మొదటిరోజు వెళతానని ధనశ్రీ పట్టు. కాని దాని అంచులు ముడుచుకుపోయి ఉన్నాయి. స్వెటర్ కుడి చెయ్యిని లత ఆసుపత్రి మంచం మీద అల్లింది. ఆ వరసలు వదులుగా, ఎగుడుదిగుడుగా ఉన్నాయి. అల్లిక ముగిశాక గోరువెచ్చటి నీళ్లలో నానబెట్టి, పరుపు మీద పరిచి, కొలతకు సర్ది, చుట్టూ గుండుసూదులు గుచ్చి ఆరనిచ్చేది ఆమె. అలా ఆరితే వరసలు సర్దుకుంటాయి. సూదులు అందించడం నా పని. ఈసారి అందుకోవడానికి ఆమె లేదు.

స్వెటర్‌ను తువాలులో చుట్టి, మోకాళ్లతో నొక్కి తడి తీశాను. తీరా చూస్తే డబ్బాలో సూదులు తుప్పు పట్టి ఉన్నాయి. ఆ మరక ఊలుకు అంటితే పోదు. కొత్తవి కొనడానికి మార్కెట్టుకు వెళ్లాను.

తిరిగి వస్తుంటే బ్లాకు కింద రాతిబల్ల మీద కూర్చున్న కుమారమ్మ ఆంటీ ఆపింది. ఆమెవాళ్లు ముత్తాతల నాడే విశాఖ వైపు నుంచి వచ్చి ఇక్కడ స్థిరపడ్డారు.

"ఏం తంబీ, మకాన్ అయిందా? ఏమైనా తిన్నావా లేదా? మీ కిటికీలో ఆ చొక్కా చేతులు చాపి ఎవర్ని పిలుస్తుందయ్యా?"

తలెత్తాను. ఆరో అంతస్తు వంటింటి కిటికీలోంచి బయటికి చాచిన వెదురు గడకు, దుప్పట్ల పక్కన, స్వెటర్ వేలాడుతోంది. ఇక్కడ తడిబట్ట కనబడితే ఎవరి చెయ్యైనా ఆ గడ మీదికే వెళుతుంది. కాని తడి ఊలు తన బరువుకే సాగిపోతుంది.

ఈ పాత బ్లాకులో లిఫ్ట్ అన్ని అంతస్తుల్లో ఆగదు, మేం ఐదులో దిగాలి. మిగిలిన మెట్లు పరుగున ఎక్కాను.

"సన్ బాగుంది కదా నాన్నా, ఫాస్ట్‌గా డ్రై అవుతుందనుకున్నా లా..." అని ఈ ఊరి యాసలో చెబుతూ ధనశ్రీ స్వెటర్ భుజానికి ఆనించి చూపించింది. దాని చేతులు మోకాళ్లను తాకుతున్నాయి. గబుక్కున దాన్ని నా చేతుల్లోకి తీసుకున్నాను. అది కోపమనుకుందేమో, "అమ్మ లాస్ట్ వన్, నేనే స్పాయిల్ చేశాను" అని ఏడ్చింది.

"ఊలుకు రెండోసారి స్నానం చేయిస్తే చాలావరకు మళ్లీ దగ్గరకొస్తుందనేది అమ్మ. నీళ్లు పట్టు," అన్నాను.

నీళ్లలో అది నిజంగానే మెల్లగా దగ్గరకు ముడుచుకుంది. నా ఊపిరీ కుదుటపడింది. మళ్లీ తువాలు, మళ్లీ పరుపు.

"పక్కన పడుకో."

"వాట్?"

"చిన్నప్పుడు అమ్మ నిన్ను పడుకోబెట్టే కొలత చూసేది, మర్చిపోయావా?"

ముక్కు తుడుచుకుని పడుకుంది. చేతులు చాపింది. ఊలును వేళ్లతో నెడుతూ ఆమె ఒంటి పొడవుకు సర్దాను. ఈసారి సూదులు అందించింది ధనశ్రీ. ఎడమ చెయ్యి మణికట్టు దగ్గర సరిగ్గా ఆగింది. కుడిది ఎంత నెట్టినా బొటనవేలి మొదలు దాకా వచ్చింది.

"ఇంకా దగ్గరకు నెట్టనా?"

తల తిప్పి చూసింది. ఆ వదులు వరసల మీద ఒకసారి వేలు ఆనించింది.

"వద్దు నాన్నా. అక్కడే గుచ్చెయ్."

ఆ రెండు రోజులూ వాన పడలేదు. ఫ్యాన్ గాలికి అది నిదానంగా ఆరింది.

సోమవారం చెమటలు పడుతున్నా ఇంట్లోనే వేసుకుని బయల్దేరింది. ఆంగ్ మో కియో స్టేషన్ దాకా వెళ్లాను. రైలు తలుపులు మూసుకుంటుంటే ఎడమచేత్తో టాటా చెప్పింది. కుడిచేతి అంచును ఆ చేతి వేళ్లతోనే గట్టిగా పట్టుకునే ఉంది.