రాజేంద్రకు తీసేసిన భయం

పొద్దున్నే బొబ్బర్లంకలో బస్సెక్కి, బ్యారేజీ దాటి, రాజమండ్రిలో దిగి, తొమ్మిదికల్లా ఎలుకల ముందు కూర్చోవడం డాక్టర్ నాగదుర్గ దినచర్య. ఎనిమిదేళ్ళుగా అంతే. ఆ ల్యాబులో లక్ష ఎలుకలుండేవి, ఆమె గుమ్మంలోకి రాగానే లక్షా లేచి నిలబడేవి.

చెరువు పాచికి వెలుగు తగిలితే మేలుకునే గుణం ఉంటుంది. ఆ గుణాన్ని ఎలుక మెదడులో భయాన్ని అణిచే కణాలకి ఎక్కించి, పుర్రెలోకి వెంట్రుకంత గాజుతీగ దింపి, నీలం వెలుగు పంపిస్తే చాలు, ఎలుక పిల్లికి ఎదురెళుతుంది. ఆ వెలుగుకి లోకంలో అందరికీ ఏనుగంత లేజర్ మిషను కావాలి. నాగదుర్గకి అక్కర్లేదు. ఆమె కుడిచేతి చూపుడువేలు పుట్టినప్పట్నుంచీ నీలంగా వెలుగుతూనే ఉంది. కరెంటు పోతే వీధి వీధంతా ఆ వేలి కిందే అన్నాలు తినేది. మిషను పాడైన రోజున ఆమె గాజుతీగకి వేలు ఆనించింది. ఇక ల్యాబు పెద్ద ఉదయభాస్కర్ గారు రిపేరు మాటే ఎత్తలేదు.

నిరుడు వరదలో పడవ తిరగబడి, ఆమె అన్న రాజేంద్ర సగం గోదావరి తాగి ఒడ్డున పడ్డాడు. తోడెళ్ళిన మేనమామ లోవరాజు మాత్రం దక్కలేదు. అప్పట్నుంచి రాజేంద్రకి చెంబులో నీళ్ళు చూసినా చెమటలే. ఇప్పుడు ఏటికి ఎర్రనీరు వచ్చింది, పులస చేప ఎదురెక్కుతోంది, వాడి పడవేమో ఇసుకలో బోర్లా పడుంది.

"ఎలుకలకి భయం తీస్తావు గానీ అన్నకి తియ్యవేంటే?" అంది తల్లి మహాలక్ష్మమ్మ.

"మనుషులకి చెయ్యకూడదమ్మా. ముందు మెదడులోకి పాచి గుణం ఎక్కించాలి కూడాను."

"ఎక్కించేదేంటి నీ మొహం! అంత గోదారి తాగాడు, వాడి బుర్రనిండా పాచే!"

"తీసెయ్యవే చెల్లీ," అన్నాడు రాజేంద్ర అన్నం కెలుకుతూ. "వల పట్టిన చేత్తో జాకెట్లు కుట్టుకు బతకమంటావా?"

భయం పోయిన ఎలుకని నాగదుర్గ చూసింది పది నిమిషాలే. ప్రయోగం అవగానే దాన్ని చంపి, మెదడు పొరలుగా కోసి మైక్రోస్కోపు కింద పెట్టడం ల్యాబు పద్ధతి. పదకొండో నిమిషంలో ఆ ఎలుక ఏం చేసేదో ఎనిమిదేళ్ళలో ఎవరూ చూడలేదు. ఆదివారం మధ్యాహ్నం అన్న నుదుటి మీద వేలు ఆనించినప్పుడు ఆమెకా సంగతి తట్టలేదు.

సోమవారం రాజేంద్ర ఏట్లో దిగాడు. వాడు పట్టిన పులసలు చూడ్డానికి బ్యారేజీ మీద బస్సులు ఆగిపోయేవి. మహాలక్ష్మమ్మ మూడు వారాలు మురిసింది. నాలుగో వారం కూతురి చెయ్యి పట్టుకుంది.

"రోడ్డు దాటుతూ లారీ వంకే చూడ్డం లేదే వీడు. నిన్న తాచుపాముని 'పక్కకి జరగవే' అన్నాడు. కాస్త భయం తిరిగి పెట్టు తల్లీ, చిటికెడు."

"తియ్యడమే వచ్చమ్మా. పెట్టడం రాదు."

మర్నాడే బ్యారేజీ దగ్గర వరదకి రెండో ప్రమాద హెచ్చరిక ఇచ్చారు. ఊళ్ళో పడవలన్నీ గొలుసులతో కట్టేశారు. రాజేంద్ర తన పడవ గొలుసు విప్పాడు.

"ఒరే, దిగరా! నీకు దణ్ణం పెడతాను, దిగరా!" తల్లి మోకాలిలోతు నీళ్ళలోకి పరిగెత్తింది.

"ఏముందమ్మా, నీళ్ళేగా!"

నడి ఏట్లో పడవ ఒక పక్కకి ఒరిగింది. ఒడ్డున సాటి పడవవాడు వెంకన్న ఇంజను బోటెక్కి, ఇంజను స్టార్టు చేసే తాడు పట్టుకు సిద్ధంగా ఉన్నాడు. ఏటివాళ్ళ పద్ధతి అది. ఆపదలో ఉన్నవాడు కేకెయ్యాలి. కేక వినపడగానే తాడు లాగడమే.

కేక రాలేదు. రాజేంద్ర ఒడ్డుకేసి తిరిగి, పళ్ళన్నీ కనపడేలా నవ్వి, చెయ్యూపాడు.

"బాగానే ఉన్నాడండి, చెయ్యూపుతున్నాడు," అని వెంకన్న తాడు వదిలేశాడు.

ఆ చెయ్యి చూసి, ఒడ్డునే ఉన్న నాగదుర్గకీ ప్రాణం లేచొచ్చింది. తనూ నీలం వేలు పైకెత్తి ఊపింది. ఆమె చెయ్యి దించేలోపే పడవ అడుగు పైకి తేలింది.