పావు తక్కువ నాలుగు

రెబ్కా బెడ్‌పాన్ కడిగి, ఫినాయిలు నీళ్లు మరోసారి పోసి, గోడవారగా బోర్లించింది. జనవరి చలికి వేళ్లు కొంకర్లు పోతున్నాయి. కొంగుతో చేతులు తుడుచుకుంటూ వరండాలోని గోడగడియారం వైపు తలెత్తింది. పెదవులు కదిలాయి.

"ట్వంటీ టు సెవెన్," అనుకుంది.

ఆమెకు యాభై రెండేళ్లు. పొట్టి మనిషి. ఏళ్ల తరబడి బకెట్లు మోసి కుడిభుజం కిందికి జారింది. చీర మీద వేసుకున్న ఖాకీ స్వెట్టరు ఒకప్పుడు భర్త యెషయాది. దాని చేతులు రెండు మడతలు పెడితే గాని ఆమె వేళ్లు బయటికి రావు. దేశ రాజధానిలో, గ్రీన్ పార్క్ వెనక వీధిలో ఉన్న ఆ పన్నెండు పడకల నర్సింగ్ హోమ్‌లో యెషయా గేటు దగ్గర చౌకీదారుగా ఉండేవాడు, ఆమె లోపల ఆయా. రేపల్లె నుంచి ఇద్దరినీ పిలిపించి ఉద్యోగాలు ఇప్పించింది మేట్రన్ ఛాయాదేవి. ఆవిడది రాజమండ్రి.

ఇప్పుడు ఆ ఛాయాదేవే వరండా చివరి గదిలో మంచం పట్టి ఉంది. కడుపులో పుండు. కోయడానికి వీల్లేని పుండు. ఇరవై ఆరేళ్లు పనిచేసిన మనిషి గనక, నా అన్నవాళ్లు ఎవరూ దగ్గర లేరు గనక, పెద్ద డాక్టరు ఆ గది ఇచ్చాడు. డిసెంబరు మొదట్లో ఆవిణ్ణి తెచ్చిన రోజున, ఎవరు చూసుకుంటారని డాక్టరు అడిగితే రెబ్కా ముందుకొచ్చి, "నేను చూసుకుంటానయ్యా," అంది.

రెబ్కాది ఎంత మంచి మనసో అన్నారందరూ.

గోరువెచ్చని నీళ్లు తీసుకుని ఆ గదిలోకి వెళ్లింది. ఛాయాదేవి కళ్లు తెరిచే ఉన్నాయి. ఒకప్పుడు ఆ ఒడ్డూ పొడుగూ చూసి కొత్త నర్సులు గోడకు అతుక్కుపోయేవారు. ఇప్పుడు దుప్పటి కింద మనిషి ఉన్నట్టే తెలియడం లేదు. రెబ్కా ముఖం తుడిచింది. మెడ తుడిచింది. చంకలు తుడిచి పౌడరు చల్లింది. ఎక్కడా చేయి విసురుగా పడలేదు.

"క్వార్టర్ టు సెవెన్, సిస్టరమ్మా," అంది.

ఛాయాదేవి అడగలేదు. నలభై రోజులుగా ఆవిడ ఎప్పుడూ అడగలేదు. రెబ్కా మాత్రం గదిలోకి వచ్చిన ప్రతిసారీ చెబుతూనే ఉంది. హాఫ్ పాస్ట్ టెన్. టెన్ టు టూ. చెప్పినప్పుడల్లా ఛాయాదేవి కళ్లు గోడవైపు తిరిగేవి.

యెషయా పోయింది డెబ్బై ఏడు నవంబరులో. పొద్దున గేటు తీస్తూ గుండె పట్టుకుని కూలబడ్డాడు. అక్కడే చేర్చుకున్నారు. ఒక సూది వేసి, రెండోది పావు తక్కువ నాలుగుకు వేయాలని డాక్టరు రాసి వెళ్లాడు. "క్వార్టర్ టు ఫోర్‌కి వచ్చి నన్ను పిలువు," అని ఛాయాదేవి రెబ్కాతో చెప్పింది. రెబ్కాకు అందులో అర్థమైంది ఫోర్ ఒక్కటే. అడిగితే తిడుతుందని తలూపింది.

ఆ తర్వాత ఆయన పెదవులు నల్లబడడం చూసి పరుగెత్తింది. డ్యూటీ గదిలో కుర్చీ ఖాళీగా ఉంది. వెనక్కి వచ్చింది, మళ్లీ వెళ్లింది. మేట్రన్ వచ్చి సూది తీసేసరికి యెషయా కళ్లు నిలబడిపోయాయి.

సాయంత్రం పెద్ద డాక్టరు అందరినీ నిలబెట్టి అడిగాడు. ఛాయాదేవి తడుముకోకుండా చెప్పింది. "క్వార్టర్ టు అని నేను స్పష్టంగా చెప్పాను సార్. క్వార్టర్ పాస్ట్‌కి వచ్చి పిలిచింది. టైం చూడ్డం రాదు, పాపం."

"నువ్వు పిలిచినప్పుడు గడియారంలో ఎంతయింది?" అని డాక్టరు రెబ్కాను అడిగాడు.

ముళ్లు ఎక్కడున్నాయో రెబ్కాకు కళ్లకు కట్టినట్టు ఉంది. దాన్ని ఎంత అంటారో తెలియదు.

యెషయా తమ్ముడు అంద్రెయ రేపల్లె నుంచి వచ్చి సమాధి దగ్గర నిలబడి, "గడియారం చూడ్డం రాక మా అన్నని చంపుకున్నావు గదే," అన్నాడు. ఆ మాట చర్చిలో పాకింది. అన్నిటికన్నా ఘోరం, ఆమె కూడా నమ్మింది. ఎనిమిదేళ్లు నమ్మింది. కొత్త నర్సు ఎవరు చేరినా ఛాయాదేవి ఆమెను పిలిచి, "రెబ్కా, ఇప్పుడు క్వార్టర్ టు నా, క్వార్టర్ పాస్టా?" అని అడిగి నవ్వించేది. రెబ్కా తల వంచుకుని గుడ్డ పిండేది.

కిందటి వానాకాలంలో, రెబ్కా అద్దెకుండే కటవారియా సరాయ్‌లో ఆమె పక్కగదిలోకి అరుంధతి అనే అమ్మాయి దిగింది. కడప పిల్ల. యూనివర్సిటీలో పరిశోధన చేస్తోంది. ఓ ఆదివారం చర్చికి ఎప్పుడు బయలుదేరాలో ఆ అమ్మాయిని అడగబోయి, రెబ్కా ఉన్నట్టుండి, "నాకు ఇంగ్లీషులో టైం చెప్పడం నేర్పమ్మాయ్," అంది.

అరుంధతి స్టీలు కంచం అంచున పన్నెండు వేరుశనక్కాయలు పేర్చింది. రెండు చీపురుపుల్లలు విరిచి నడుమ పెట్టింది.

"చూడాంటీ, మనం మూడూ ముప్పావు అంటాం. అయిపోయిన మూడు గంటలు మనకు లెక్క. వాళ్లు అట్ల కాదు. రాబోయే నాలుగును చెప్తారు. టు అంటే ఇంకా కాలేదని. పాస్ట్ అంటే దాటిపోయిందని."

"అయితే క్వార్టర్ టు ఫోర్ ఎట్టా ఉంటదో పెట్టి చూపించు."

అరుంధతి పొడుగు పుల్లను ఎడమ పక్కకు తిప్పింది. రెబ్కా కంచం వైపు చూస్తూ ఉండిపోయింది. ఆ రోజు డ్యూటీ గదిలో ఖాళీ కుర్చీకి పైన, గోడ మీద, పెద్ద ముల్లు కిటికీ వైపు చాచుకుని ఉంది. కిటికీ ఎడమ పక్కనే.

"మరి క్వార్టర్ పాస్ట్?"

పుల్ల కుడిపక్కకు తిరిగింది. తలుపు వైపు. ఆ తలుపులోంచే ఛాయాదేవి కాగితం సంచీ చేత్తో పట్టుకుని, రొప్పుతూ లోపలికి వచ్చింది.

"ఏమాంటీ, అట్లయిపోయినావు?"

"ఏం లేదులే. నేను టయానికే ఎల్లాను," అంది రెబ్కా.

ఆ మాట ఇంకెవరికీ చెప్పలేదు. అప్పటికే రిటైరై ఉన్న ఛాయాదేవి జబ్బుతో మళ్లీ ఇక్కడికే వస్తోందని తెలిసినప్పుడు మాత్రం, ఆ రాత్రి కడుపునిండా అన్నం తింది.

ఈ జనవరి రోజున ఛాయాదేవికి పొద్దుటి సూది, రాసినట్టే, తొమ్మిదీ ముప్పావుకు పడింది. ఆరు గంటలకోసారి నొప్పి తెలియకుండా వేసే సూది అది. మధ్యాహ్నం మూడు దాటాక ఒక కాన్పు కష్టమైంది. నర్సు సరళకుమారి కాన్పుగదిలోకి పరుగెడుతూ వెనక్కి తిరిగింది.

"ఆంటీ, ఛాయా మేడమ్ సూది. క్వార్టర్ టు ఫోర్‌కి వచ్చి నన్ను పిలువు. మర్చిపోకు."

రెబ్కా వరండాలో నిలబడిపోయింది. నలభై రోజులుగా తను ఎదురుచూస్తున్నది ఈ మాట కోసమేనని అప్పుడు తెలిసింది.

గదిలోకి వెళ్లి తలుపు జారవేసింది. స్టూలు లాక్కుని మంచం పక్కన కూర్చుంది. తలుపు సందులోంచి గడియారం కనిపిస్తోంది. ఛాయాదేవి నుదుటి మీద చెమట పట్టడం మొదలైంది.

"టైమెంత?" అంది. మొదటిసారి అడిగింది.

"క్వార్టర్ టు ఫోర్."

"సరళని పిలువు."

రెబ్కా కదల్లేదు. చేతులు ఒళ్లో పెట్టుకుని కూర్చుంది. ఛాయాదేవి ఆమె ముఖంలోకి చూసింది. ఆ తర్వాత మళ్లీ అడగలేదు.

నొప్పి మెల్లగా వచ్చింది. ముందు కాలివేళ్లు ముడుచుకున్నాయి. మోకాళ్లు పొట్టలోకి వచ్చాయి. దుప్పటి అంచు నోట్లో కుక్కుకుంది. అవతల కాన్పుగదిలో ఎవరో అరుస్తున్నారు. ఈ గదిలో అరుపు లేదు. రెబ్కా కళ్లు తిప్పుకోలేదు. "ఫైవ్ టు ఫోర్," అంది. "ఫోర్ ఓ క్లాక్," అంది.

ఛాయాదేవి తన నోట్లోంచి దుప్పటి తీసుకుంది.

"నువ్వు సరిగ్గానే వచ్చావు రెబ్కా. నేను కుర్చీలో లేను."

"ఎక్కడికెల్లావు?"

"సరోజినీ నగర్ బజారుకి. మా చెల్లెలి కూతురికి స్వెట్టరు... పది నిమిషాల్లో వచ్చేద్దామనుకున్నాను. బస్సు రాలేదు." ఊపిరి అందక ఆగింది. "ఉద్యోగం పోతుందని నీ మీద పెట్టాను. రేపు రౌండ్స్‌కి డాక్టరొస్తాడుగా. ఆయన ముందు చెబుతాను. అందర్నీ పిలిచి చెబుతాను."

కిందటి వానాకాలం నుంచీ వినాలనుకున్న మాట. విన్నాక ఒళ్లు ఝల్లుమంటుందనుకుంది. ఏమీ కాలేదు. లేచి వెళ్లి సరళను పిలవవచ్చు. రెబ్కా గడియారం చూసింది. ఇంకా పది నిమిషాలుంది. కూర్చుంది. ఆ పది నిమిషాలూ తరగలేదు. యెషయాకూ ఇంతసేపు పట్టి ఉంటుంది. ఇలాగే తలుపు వైపు చూసి ఉంటాడు. ఆయన గడిపిన అరగంట ఎంతో ఆమెకు ఇన్నాళ్లూ తెలియదు. ఇప్పుడు పక్కన కూర్చుని చూసింది.

"క్వార్టర్ పాస్ట్ ఫోర్," అని లేచింది.

సరళ చేతులు కడుక్కుని పరుగున వచ్చి సూది వేసింది. ఛాయాదేవి కాళ్లు నెమ్మదిగా చాచుకున్నాయి. నిద్రపోయింది. రెబ్కా ఆవిడ నుదురు తుడిచి, ఒత్తుకుపోయిన దుప్పటి మార్చింది. సాయంత్రం గుక్కెడు పాలు పట్టిద్దామని వచ్చేసరికి ఛాతీ మీద దుప్పటి లేచి పడడం లేదు. చేయి పట్టుకుని చూసింది. ముక్కు దగ్గర వేలు పెట్టి చూసింది. రోజూ నిద్రపోయినట్టే పోయింది.

పెద్ద డాక్టరు వచ్చి, చూసి, తల ఆడించాడు. ఈ వారమో వచ్చే వారమో అని తాను అనుకుంటూనే ఉన్నానన్నాడు. ఆయన వెళ్లాక సరళ కాగితం తీసి నిలబడే రాయసాగింది.

"పొద్దుట్నుంచీ రాయనేలేదు. నువ్వు చూసినప్పుడు టైమెంతాంటీ?"

"టెన్ టు సిక్స్."

సరళ రాసింది. రెబ్కా మాట ఆ ఆసుపత్రి కాగితం మీదికి ఎక్కడం అదే మొదలు. పెన్ను పై వరుసకు వెళ్లింది.

"సూదికి టైముకే పిలిచావుగా? ఆ గొడవలో నేను గడియారం చూసుకోలేదు."

కాగితం మీద పెన్ను మొన ఆగి ఉంది. రెబ్కా నోరు తెరిచింది. ఎనిమిదేళ్ల కిందట డాక్టరు ఎదుట నిలబడ్డ ఛాయాదేవి ముఖం కళ్లముందుకొచ్చింది. ఆవిడ గొంతు ఎంత తేలికగా పలికిందో గుర్తొచ్చింది.

"ఆఁ," అంది రెబ్కా. "టైముకే."

సరళ రాసింది: మూడు, చుక్క, నలభై అయిదు. అంకెలు ఆమెకు ఇప్పుడు బాగా తెలుసు.

శవాన్ని తీసుకెళ్లారు. డాక్టరు ముందు ఎవరూ ఏమీ చెప్పలేదు, ఇక చెప్పేవాళ్లూ లేరు. రెబ్కా దుప్పట్లు తీసి మూటగట్టింది. పరుపు తిరగేసింది. మంచం పక్క బల్ల సొరుగు లాగితే లోపల పాత రుమాల్లో చుట్టిన నర్సు టోపీ ఉంది. గంజి పెట్టి, మడతలు నిలబెట్టి, తెల్లగా ఇస్త్రీ చేసి ఉంది. దాన్ని తీసుకుపోయేవాళ్లెవరూ లేరు. రెబ్కా దాన్ని ఖాళీ మంచం మీద పెట్టి, మూట ఎత్తుకుని బయటికి నడిచింది. టోపీకి రెండు నల్లపిన్నులు గుచ్చినవి గుచ్చినట్టే ఉన్నాయి, ఒకదానికి పొడుగాటి నెరిసిన వెంట్రుక చుట్టుకుని ఉంది.