ఎడమ చెవి

ఊరి రోడ్ల మీదే కార్ల రేసు పెడితే ఎటు నడిచినా కంచే అడ్డం. రైలు దిగిన దగ్గర్నుంచి మెకానిక్‌కు తల ప్రాణం తోకకొస్తోంది. భార్యతో, బావమరిదితో తను కూర్చోవలసిన గ్యాలరీ రోడ్డుకు అవతల కళ్ళెదుటే ఉంది, కేకేస్తే వినబడేంత దూరంలో. నడుమ ఇనప కంచె, కాంక్రీటు దిమ్మెలు. తీరా వంతెన దాకా వెళితే, ఇది దిగేవాళ్ళకే, ఎక్కేవాళ్ళకు ఇంకొకటుంది పొమ్మన్నారు.

"ఇంకో రెండు నిమిషాలే బావా," అన్నాడు బావమరిది ఫోనులో మ్యాపు చూస్తూ.

"పొద్దున్నుంచీ నీవి రెండు నిమిషాలేరా. దీనికన్నా ఆ రేసు బండివాణ్ణే అవతల దిగబెట్టమంటే పోయేది."

కుడి పక్కన భార్య ఏదో అంది. మెకానిక్‌కు వినబడలేదు. వినబడకూడదనే ఆవిడను అటు పక్కన నడిపిస్తున్నాడు. రిపేరు షెడ్డులో సైలెన్సరు ఊడిన ఇంజన్ల మధ్య బతుకంతా గడిపినందుకు కుడి చెవి ఎప్పుడో సెలవు తీసుకుంది. ఇంట్లో సణుగుడు మొదలయ్యే సూచన కనబడితే చాలు, ఒక అడుగు వెనక్కి వేసి ఆవిడను కుడి వైపుకు తెచ్చుకునేవాడు. ఆ తర్వాత లోకమంతా ప్రశాంతం.

ఎడమ చెవి కూడా ప్రయాణం కట్టిందని ఈమధ్యే డాక్టరు చెప్పాడు. పెద్ద చప్పుళ్ళ జోలికి పోకుండా ఉన్నది కాపాడుకోమన్నాడు. మెకానిక్ మాత్రం అది పోయేలోపే వాడుకోవాలనుకున్నాడు. రేసు బండి ఇంజను ఒక్కసారి దగ్గరగా వినాలి. టీవీలో వచ్చేది డబ్బాలో గులకరాళ్ళ చప్పుడు. అలా కాదు, పక్కటెముకలు అదరాలి. కుర్రతనం నుంచీ ఉన్న కోరిక ఇది. భార్య ససేమిరా అంది, ఏడ్చింది, మాట్లాడడం మానేసింది. ఉన్నట్టుండి ఒకరోజు, "సరేలెండి, టిక్కెట్లు మా తమ్ముడు తెస్తాడు," అంది. గెలిచానని ఆయన పొంగిపోయాడు.

గేటు దగ్గర సెక్యూరిటీవాడు జేబులు తడిమి పది-పన్నెండు సైజు స్పానర్ ఒకటి బయటికి లాగాడు. అది జేబులో లేకపోతే మెకానిక్‌కు చొక్కా తొడుక్కోనట్టే ఉంటుంది.

"ఇది లోపలికి కుదరదండీ."

"దాంతో ఏం చేస్తాననీ? బండి విప్పుకుపోతానా?"

"వెళ్ళేటప్పుడు తీసుకోండి," అని దాన్ని బుట్టలో పడేశాడు. అక్కడ గొడుగులు, నీళ్ళ సీసాలు పోగుపడి ఉన్నాయి. మెకానిక్‌కు ఒళ్ళు మండిపోయింది.

గ్యాలరీలో ఎవరి నంబరు సీట్లో వాళ్ళే కూర్చోవాలట. భార్యది ఆయనకు ఎడమ పక్క పడింది. అదొక చికాకు. చుట్టూ చూస్తే చెవుల్లో దూది పెట్టుకున్నవాడు ఒక్కడు లేడు. చంటిపిల్లలను కూడా ఎత్తుకొచ్చారు. వీళ్ళకు రేసంటే ఏమిటో తెలియదని జాలిపడ్డాడు.

జనం లేచి నిలబడ్డారు. మెకానిక్ ఊపిరి బిగబట్టి ఎడమ చెవి రోడ్డు వైపు తిప్పాడు. మలుపు దగ్గర మొదటి బండి మెరిసింది. దాని వెనకే ఇంకొకటి. రివ్వున కళ్ళ ముందు నుంచి వెళ్ళిపోయాయి.

కుట్టు మిషను తొక్కినట్టు సన్నటి కూత తప్ప చప్పుడే లేదు.

అయిపోయింది. ఇంత దూరం వచ్చి, సరిగ్గా ఈ రోజే, ఈ గడియలోనే ఎడమ చెవి కూడా పోయింది. సీట్లో కూలబడ్డాడు. బళ్ళు వస్తున్నాయి, పోతున్నాయి, జనం చేతులూపుతున్నారు. అప్పుడే వెనక వరుసలో ఎవరో చిరుతిళ్ళ పొట్లం చింపారు. ఆ చింపడం ఆయనకు శుభ్రంగా వినబడింది. నమలడం కూడా.

మెల్లగా బావమరిది వైపు తిరిగాడు.

"ఒరేయ్, ఈ బళ్ళల్లో ఇంజను లేదా?"

బావమరిది అక్క మొహం చూశాడు. "అంటే... ఇవి బ్యాటరీవి బావా. కరెంటు బళ్ళు."

అరికాలి మంట నెత్తికెక్కింది. "మిక్సీలు చూపించడానికి తీసుకొచ్చావట్రా నన్ను?"

"వాణ్ణేం అనకండి," అంది భార్య ఎడమ పక్క నుంచి. "నేనే చప్పుడు లేని రేసు చూసి టిక్కెట్లు తెమ్మన్నాను. మీతో చెప్పొద్దని ఒట్టు వేయించుకున్నాను."

"నా చెవి, నా ఇష్టం. ముసలాణ్ణని మోసం చేస్తావా?"

"చేస్తాను. ఒక చెవి షెడ్డుకిచ్చారు. రెండోది కూడా బళ్ళకే ఇస్తారా? మరి నాకేం మిగులుతుంది? రేపట్నించి నేను గోడతో మాట్లాడుకోవాలా?"

మెకానిక్‌కు కోపం తగ్గలేదు. రేసు సగంలోనే లేచి విసవిసా బయటికి నడిచాడు. అక్కా తమ్ముడూ వెనకే వచ్చారు.

గేటు దగ్గర కాపలావాడు మారాడు. స్పానర్ సంగతి తనకు తెలియదన్నాడు. బుట్టలో గొడుగులే ఉన్నాయి. ఆయన పళ్ళు కొరుక్కుంటూ వంతెన వైపు తిరిగితే, ఇప్పుడది ఎక్కేవాళ్ళకేనట. చుట్టూ తిరిగి రావాలన్నారు. బావమరిది భయపడి బాగా ముందు నడుస్తున్నాడు.

తినుబండారాల బండి వెనక జనరేటరు ఒకటి గడగడలాడుతోంది. అంత దూరం వచ్చినందుకు ఆయనకు దక్కిన ఇంజను అదొక్కటే. కాళ్ళు వాటంతట అవే ఆగాయి. దాని బెల్టు వదులైంది. ఎవడూ పట్టించుకోవడం లేదు. కాసేపు ఎడమ చెవి అటే ఒగ్గి నిలబడ్డాడు.

చూపు తిప్పేసరికి కుడి పక్కన భార్య ఉంది. అలవాటుగా తనే ఆవిడను అక్కడ నిలబెట్టుకున్నాడు. ఆవిడ పెదాలు కదులుతున్నాయి. కళ్ళు తుడుచుకుంటూ చాలాసేపటి నుంచే మాట్లాడుతున్నట్టుంది. ఆయనకు ఒక్క ముక్క కూడా వినబడలేదు.

జనరేటరుకు దూరంగా నాలుగడుగులు వేసి ఆగాడు.

"ఏమన్నావు?"

"ఏం లేదు. అన్నా మీకు వినబడదుగా. ఇన్నేళ్ళూ ఎందుకు అటు పక్కనే నడిపిస్తున్నారో నాకు తెలీదనుకున్నారా?" అని ఆయన మొహంలోకి చూస్తూ గట్టిగా అంది.

మెకానిక్ తల దించుకున్నాడు. ఇంకా కోపంగానే ఆవిడ మోచెయ్యి పట్టుకున్నాడు.

"ఇటు రా, ఎడమ పక్కకి. తిట్టేదేదో వినబడేలా తిట్టు."