తడి ఆరని కట్టు

తెల్లారితే చాలు, పుత్తూరు పక్కన మునిరామయ్య కొట్టంలో కోడిగుడ్లు పగిలే చప్పుడు మొదలయ్యేది. తెల్లసొనలో ఆకుపసరు కలిపి, గుడ్డ ముంచి, ఎముక విరిగిన చోట చుట్టి, పైన వెదురు బద్దలు పెట్టి బిగించేవాడు. బిగిస్తూ ఒకటే ప్రశ్న అడిగేవాడు. "ఎట్ల విరిగింది?" నిజం చెబితే కట్టు చూస్తుండగానే ఎండి బిగిసేది. అబద్ధం చెబితే ఎన్నాళ్ళయినా తడి ఆరేది కాదు, ఎముక అతికేది కాదు. ఆకుపసరు చేదుగా ఉంటుందన్నంత మామూలుగా ఆ సంగతి అందరికీ తెలుసు.

అందుకే ఆ కొట్టంలో ఎవరి పరువూ ఎక్కువ రోజులు నిలిచేది కాదు. ఎమర్జెన్సీ ఎత్తేసిన ఏటి ఎండాకాలం అది. సొంత చెట్టు మీంచి పడ్డానన్న చిన్నబ్బ, చివరికి పక్కవాడి తోపులో మామిడికాయలు దొంగిలించడానికి ఎక్కానని ఒప్పుకుంటే అందరూ పగలబడి నవ్వారు. చిత్తూరు నుంచి వచ్చిన వకీలు గుమాస్తా మెట్ల మీద జారానని బింకంగా చెప్పి, నాలుగు రోజులు సొన కార్చుకుని, పెళ్ళాం రోకలితో బాదిందని గొణిగాడు. వెంటనే ఆయన భుజం మీది కట్టు ఎండింది.

ఒక్క వసంతమ్మ కట్టే ఆరలేదు. గడప తట్టుకుని పడ్డానని చెప్పింది. గుడ్డ మార్చినప్పుడల్లా అదే మాట. మగ్గం నేసే మనిషికి కుడిచెయ్యి పోతే ఇంకేం మిగులుతుంది? మొగుడు పోయి చాలా కాలమైంది. తనూ, కూతురు మునిలక్ష్మీ తన అన్న గోవిందయ్య పంచన బతుకుతున్నారు.

పక్క చాప ఎల్లప్పది. తప్పిపోయిన కొడుకును వెతుక్కుంటూ చిత్తూరు దగ్గర పల్లె నుంచి వచ్చిన కూలి మనిషి. నీలం చొక్కా వాడెవడో వెనక నుంచి కొడుకులా కనబడితే, బస్సు ఆగకముందే దూకి కాలు విరగ్గొట్టుకున్నాడు. ఆ మాట చెప్పడం పూర్తయ్యేలోపే ఆయన కట్టు ఎండింది.

"మా ధనంజయ మామిడికాయల లోడుతో ఈ పక్కకే వచ్చినాడు అమ్మణ్ణీ. కాలు కుదిరితే ఊరూరా తిరిగైనా ఎతుక్కుంటా," అనేవాడు ఎల్లప్ప.

వసంతమ్మ గోడవైపు తిరిగి పడుకునేది. ధనంజయ ఎక్కడున్నాడో ఆమెకు తెలుసు.

గోవిందయ్యకూ తెలుసు. రోజూ చెల్లెలికి ఇడ్లీలు తెచ్చేవాడు. ముసలాయన ఎవరో తెలిశాక ఆయనకూ రెండు తేవడం మొదలుపెట్టాడు. ఎంత దయగల మనిషో!

"తినప్పా, పెద్దాయనా. వయసు పిల్లోడు, మద్రాసుకు పోయింటాడు. ఒగనాడు వస్తాడులే."

ఎల్లప్ప ఆయనకు రెండు చేతులూ ఎత్తి దండం పెట్టేవాడు.

చెల్లెలి చెవిలో మాత్రం వేరే మాట. "చెయ్యి పోతే పోనీ. నువ్వు నోరు జారితే నీ కూతురి గతి ఏమైతాదో సూసుకో."

ఒక పొద్దున వసంతమ్మ వేళ్ళు నల్లబడ్డాయి. మునిరామయ్య కట్టు విప్పి, వాసన చూసి, మొహం చిట్లించాడు. "రేపటికీ ఇట్లే ఉంటే నా చేతిలో లేదు తల్లీ. పెద్దాసుపత్రికి పోయి చెయ్యి తీసేయించుకోవాల్సిందే."

ముసలాయన మీద జాలితో ఆమె నోరు విప్పిందని ఎవరూ అనుకోవద్దు. జాలే ఉంటే మొదటిరోజే చెప్పేది. చెయ్యి కోసం చెప్పింది.

"మా అన్న కొట్టినాడు. మా మునిలక్ష్మి కోసరం ధనంజయ ఇంటికొస్తే గడ్డపార ఎత్తినాడు. నేను అడ్డం పోయినాను. దెబ్బ నా చేతి మీదా పడింది. పిల్లోడు సచ్చిపోయినాడు."

ఎల్లప్ప నోట్లోని ఇడ్లీ అట్లాగే ఉండిపోయింది. మునిరామయ్య కొత్త గుడ్డ చుట్టి బిగించాడు. కొట్టమంతా ఆ కట్టు వైపే చూసింది. సొన బొట్లు బొట్లుగా చాప మీద పడింది.

ఇడ్లీలు తెచ్చి అక్కడే కూర్చున్న గోవిందయ్య నవ్వాడు. "సూసినారా అప్పా? తడే! తోడబుట్టినోడి మీద ఇంత అబద్ధమా?"

గుమాస్తా ఛీ అన్నాడు. ఎల్లప్ప ముఖంలోకి ప్రాణం వచ్చింది. "అబద్ధమే గదా? నా బిడ్డ ఉండాడు గదా?" అని కట్టునే అడిగాడు.

వసంతమ్మ అన్న వైపు చూసింది. ఆమె ఏ సగం మింగేసిందో ఆయనకు తెలుసు. ఆ సగం ఎన్నటికీ బయటపెట్టదనే ఆయన ధైర్యం. నల్లబడిన వేళ్ళను ఆమె ఇంకోసారి చూసుకుంది.

"అడ్డం పోలేదు," అంది. "పట్టుకున్నాను. ఎనక నుంచి రెండు చేతులతో, కదలకుండా పట్టుకున్నాను. 'అత్తా, ఇడిసిపెట్టు' అన్నాడు. ఇడిసిపెట్టలేదు. వాడి రొమ్ము మీద నా చెయ్యి ఉన్నింది. ఆడ విరిగింది. మా మగ్గం గుంతలోనే పూడ్చినాము."

సొన కారడం ఆగింది. బద్దలు బిగుసుకుంటూ కిర్రుమన్నాయి. వేళ్ళలోకి మెల్లగా రంగు వచ్చింది. దాచడమెందుకు, ఆ క్షణంలో ఆమెకు సంతోషమే కలిగింది.

గోవిందయ్య లేచాడు. చిన్నబ్బా, గుమాస్తా, నిలబడగలిగిన వాళ్ళంతా కట్లతోనే వాకిలికి అడ్డం నిలిచారు.

ఎల్లప్ప పాక్కుంటూ వచ్చి ఆమె కట్టు మీద వేలు పెట్టి చూశాడు. అటూ ఇటూ తడిమాడు. ఎక్కడా చెమ్మ లేదు.

"ఎండింది," అన్నాడు. "చెయ్యి నిలుస్తాదిలే నీకు, అమ్మణ్ణీ."

తర్వాత తన చాప మీదికి జరిగి, కాలి కట్టు ముడి విప్పడం మొదలుపెట్టాడు. మునిరామయ్య ఆయన చెయ్యి పట్టుకున్నాడు. "ఇంకా అతకలేదు పెద్దాయనా. జన్మంతా నడవలేవు."

"నడిచి ఎవర్ని ఎతకాలప్పా?" అన్నాడు ఎల్లప్ప. బద్దలు ఒక్కొక్కటే తీసి పక్కన పెట్టాడు.