యాడి గుండు

నేరేడుచర్ల దాటేదాకా సుక్కి నోరు మూతపడలేదు. తిట్లన్నీ తమ్ముడు రెడ్యాకే. త్రిపురారం దగ్గరి తమ తండా నుంచి మిర్యాలగూడ వరకు లంబాడీలో తిట్టింది. అక్కణ్ణుంచి తెలుగులో అందుకుంది.

"పేరు అడిగితే పేరు చెప్పనీకి ఏమాయె వానికి?"

"చెప్పిండమ్మా. చెప్పినందుకే ఈ పరేషాన్," అంది కారు నడుపుతున్న కూతురు శిరీష. మిర్యాలగూడలో టీచరామె. సెలవు పెట్టి మరీ తల్లిని తీసుకుని బయల్దేరింది.

సుక్కి పుట్టిన తండా కోదాడ అవతల ఉంది. ఆ తండా పక్కన గుట్ట మీద ఒక గుండు. రెండు చిన్న రాళ్ల మీద ఇల్లంత రాయి, ఎవరూ ఎత్తి పెట్టకుండానే, ఏ కాలం నుంచో అట్లాగే కూర్చుని ఉంది. కింద మనిషి వంగి దూరేంత సందు. కొత్తగా చూసినవాళ్లు ఇది ఇంకా ఎందుకు దొర్లలేదా అని తల గోక్కుంటారు. అరవై ఏళ్ల కిందట కట్టెలకు పోయిన సుక్కి తల్లి, వాన ముంచుకొస్తే, ఆ సందులోకి దూరి అక్కడే సుక్కిని కన్నది. అప్పటికే దాని పేరు యాడి గుండు. లంబాడీలో యాడి అంటే అమ్మ. దాని కింద దూరేవాళ్లు, పసిపిల్లలైనా పళ్లూడిన ముసలివాళ్లైనా, ఒకసారి "యాడీ" అని పిలిచాకే లోపలికి వంగాలి.

పోయిన నెల ఆ గుట్టను కంకర మిల్లుకు ఇవ్వడానికి సర్వేయరు వచ్చాడు. మేకలు కాస్తున్న రెడ్యా దొరికాడు.

"ఈ గుండు పేరేంది?"

"యాడి."

సూర్యాపేటలో పుట్టి పెరిగిన సర్వేయరుకు ఆ మాట ఎట్లా వినిపిస్తుంది? యాడిది, అంటే ఎక్కడిది అని ఎదురు అడిగినట్టే వినిపించింది.

"గిదేనయ్యా, నీ ముందల ఉన్నది."

"యాడి సారూ."

"అరే, గిదే అంటున్న గద."

"యాడి."

సర్వేయరుకు ఒళ్లు మండింది. కాగితం మీద బరబరా రాసేశాడు: పేరు లేదు, స్థానికులకు తెలియదు, ఆచారాలేమీ లేవు. ఆ తర్వాత నోటీసు వచ్చింది: అభ్యంతరాలుంటే ఈ రోజు పదకొండింటికి గుండు దగ్గరే చెప్పుకోవాలి. లేకపోతే సాయంత్రానికి గుండును పేల్చే తూటాలు పెడతారు.

హుజూర్‌నగర్‌లో టీకి ఆగారు. "యాడికి పోతున్నరమ్మా?" అని అడిగింది టీ కొట్టామె.

"యాడి కాడికే," అంది సుక్కి. టీ కొట్టామెకు అర్థం కాలేదు.

శిరీష నవ్వింది. "అమ్మా, ఆడ సార్లతోని జర మెల్లగ మాట్లాడు."

సుక్కి చెవిన ఆ 'అమ్మా' ఒక్కటే పడింది. కూతురికి తను ఇంట్లో యాడి, గడప దాటితే అమ్మ. శిరీష ఆరో తరగతిలో హాస్టల్లో ఉన్నప్పుడు, గేటు దగ్గర తల్లిని చూసి "యాడీ" అని పరుగెత్తితే, పిల్లలంతా "యాడ? యాడ?" అని వెంటపడి ఏడిపించారు. మరుసటి వారం నుంచి పది మందిలో అమ్మే. సుక్కి ఏనాడూ ఏమీ అనలేదు కానీ, ఆ పిలుపు విన్న ప్రతిసారీ ఆమెకు కష్టంగానే ఉంటుంది.

గుట్ట ఎక్కేసరికి సర్వేయరు సంపత్ కుర్చీ వేసుకుని కూర్చున్నాడు. మిల్లు సూపర్‌వైజరు డ్రిల్లింగ్ మిషన్ కూడా తెచ్చి పెట్టుకున్నాడు. గుండు నడుం మీద సున్నంతో గీతలు గీసి ఉన్నాయి. రెడ్యా చేతులు కట్టుకుని పక్కన నిలబడ్డాడు. ఆ గీతలు చూడగానే సుక్కి ఎవరికీ దండం పెట్టకుండా నేరుగా వెళ్లి, "యాడీ" అని పిలిచి, వంగి సందులో కూర్చుంది.

శిరీష కంగారుపడింది. "అమ్మా, బయటికి రా. కూసొని మాట్లాడుదం."

"మీద పడితే ఎవరిదమ్మా బాధ్యత?" అన్నాడు సంపత్.

"నేను పుట్టిన్నాడు పడలే. ఇయ్యాల పడ్తదా? పేరు రాయి సారూ, వస్త."

"ఏం పేరు?"

"యాడి."

సంపత్ అలవాటుగా "గిదే" అనబోయి ఆగిపోయాడు. రెడ్యా వైపు చూశాడు. రెడ్యా తల ఊపాడు.

"మా భాషల అమ్మను యాడి అంటరు," అంది సుక్కి. "పేరు లేదని రాస్తివి. మా యాడి నన్ను పేరు లేని రాయి కింద కన్నదా?"

సూపర్‌వైజరు నవ్వాడు. "సార్, గీ పేరు పొద్దున పుట్టింది. ఆమె సొంత బిడ్డనే మన ముందల అమ్మా అని పిలుస్తున్నది. ఇగ యాడి యాడికెళ్లి వచ్చింది?"

సంపత్ శిరీష వైపు తిరిగాడు. "నిజమే గద మేడమ్?"

లోపల కూర్చున్న సుక్కికి కూతురి కాళ్లు మాత్రమే కనిపిస్తున్నాయి. అవి కదలడం లేదు. తూటాలకు భయపడని మనిషికి అప్పుడు భయం వేసింది. ఇన్నేళ్లూ తను నోరు మూసుకుని ఊరుకున్నదే ఇవాళ ఈ గుండు మీదికి వచ్చిందనుకుంది.

శిరీష చెప్పులు విప్పింది.

"యాడీ!"

ఆ పిలుపు సందులో మోగింది. "ఓయ్," అంది సుక్కి, ఎప్పటిలాగే. శిరీష వంగి లోపలికి వచ్చి తల్లి పక్కన కూర్చుంది.

"పిలిచి వంగుడే ఇక్కడి ఆచారం, సార్. అది గూడ రాయుండ్రి. చిన్నప్పుడు నవ్విండ్రని నేను పది మందిల పిలుసుడు బంద్ పెట్టిన. తప్పు నాది, పేరుది కాదు."

రెడ్యా కట్టుకున్న చేతులు విప్పి, "యాడీ" అంటూ తనూ వచ్చి ఇరుక్కున్నాడు.

సంపత్ కాగితం మీది పాత రాత కొట్టేసి, పైన యాడి గుండు అని రాశాడు. మళ్లీ విచారణ అయ్యేదాకా మిషన్ గుట్ట దించెయ్యమన్నాడు. సూపర్‌వైజరు ఫోను తీసుకుని పక్కకు పోయాడు. అభ్యంతరం చెప్పినవాళ్ల వివరాలు కావాలంటూ సంపత్ సందు ముందు గొంతుక్కూర్చున్నాడు.

"పేరు?"

"సుక్కి."

"పుట్టింది యాడ?"

"యాడి కాడ."

ఈసారి అతను మళ్లీ అడగలేదు. విన్నది విన్నట్టు రాసుకున్నాడు.